వదిలేసిన పెంపుడు చిలుకలకు ఆశ్రయం నడపడం ఎలా: తొలి పక్షి రాకముందు నుంచి మీ తర్వాతి మనిషి దాకా

“తోట ఉందండి, మనసూ ఉంది. జనం వదిలేస్తున్న చిలుకలకు ఆశ్రయం పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ మధ్య నెలకు ముగ్గురు నలుగురైనా ఇలా అడుగుతున్నారు. కొందరు ఏడెనిమిది పక్షుల్ని తెచ్చేసుకుని, అందులో రెండు చచ్చిపోయాక అడుగుతున్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబితే వరస తప్పిపోతోంది. ఈ పనిలో వరస తప్పితే పక్షి ప్రాణం పోతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను నడిపేది చిన్న ఆశ్రయం, షాద్‌నగర్ వైపు. ఇప్పుడు 31 పక్షులున్నాయి. ఇక్కడ చెప్పేదంతా విదేశీ పెంపుడు చిలుకల గురించి: మన దగ్గర లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీలు, అసలు లవ్ బర్డ్స్, కాకటీల్, సన్ కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే, కాకటూ, మకావ్. మన రామచిలుక సంగతి వేరు, అది రెండో భాగంలో చెబుతాను.

## 1. పక్షుల కంటే ముందు ఒక అంకె రాసుకోండి

ఎన్ని పక్షుల్ని తీసుకుంటారో కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్ల చేత కూడా సరే అనిపించుకోండి. ఆ అంకె దాటకూడదు. ఆశ్రయాలు కుప్పకూలేది మనసు లేక కాదు, ‘ఇంకొక్కటే కదా’ అనుకోవడం వల్ల.

ఆ అంకె రావాలంటే ముందు ఆయుష్షులు తెలియాలి. బాగా చూసుకుంటే బడ్జీ 5 నుంచి 10 ఏళ్లు, లవ్ బర్డ్ 10 నుంచి 15, కాకటీల్ 15 నుంచి 20, సన్ కొన్యూర్ 20 నుంచి 30 ఏళ్లు బతుకుతాయి. ఆఫ్రికన్ గ్రే 40 దాటుతుంది, పెద్ద మకావ్ 50 కూడా దాటుతుంది. మీకు 45 ఏళ్లుండి, పదేళ్ల గ్రేను తీసుకుంటే, అది మీ 75వ పుట్టినరోజుకు కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. జనం వీటిని వదిలేయడానికి అసలు కారణం కూడా ఈ లెక్క వేసుకోకపోవడమే.

తర్వాత చేతుల లెక్క. నా అనుభవంలో ఒక మనిషి రోజంతా ఇదే పనిగా ఉంటే, మధ్యస్థం సైజు పక్షులు 25 వరకు సరిగ్గా చూడగలరు. మకావ్, కాకటూ ఒక్కొక్కటి మూడింటి పని పెడతాయి. ఉద్యోగం చేసుకుంటూ ఉదయం సాయంత్రం మాత్రమే చూసేవాళ్లు పదితో ఆపండి.

డబ్బు లెక్క ఇలా వేయండి:

- ఒక్కో పక్షికి నెల తిండి ఖర్చు, దాన్ని పక్షుల సంఖ్యతో, మళ్లీ 12తో గుణించండి
- పనిమనిషి జీతం, కరెంటు, నీళ్లు
- కొత్తగా వచ్చే ప్రతి పక్షికి పరీక్షల ఖర్చు
- జాలీలు, కొమ్మలు, తలుపుల మరమ్మతు
- వీటన్నిటికీ విడిగా, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ముట్టుకోకుండా

ఆ చివరి ఆరు నెలల డబ్బు లేకుండా మొదలుపెట్టొద్దు. విరాళాలు వస్తాయి, కానీ పక్షికి జబ్బు చేసిన రోజునే రావు.

## 2. చట్టం: ఏది తీసుకోవచ్చు, ఏది కుదరదు

రామచిలుక. మెడకు గులాబీ రంగు పట్టీ ఉండే మన రామచిలుకను పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత అది షెడ్యూల్ 2లో ఉంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చిలక జోస్యం వాళ్ల దగ్గర కనిపించే పెద్ద చిలుకకూ, ఎర్రతల చిలుకకూ కూడా చట్టం రక్షణ ఉంది. ‘మేం కొనలేదు, కాపాడాం’ అంటే చట్టం ముందు చెల్లదు.

ఎవరైనా రామచిలుక తెచ్చిస్తే మీ దగ్గర ఉంచుకోకండి, అటవీశాఖకు తెలియజేసి అప్పగించండి. హైదరాబాద్‌లో నెహ్రూ జూపార్క్, విశాఖలో ఇందిరాగాంధీ జూ, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర జూ ఉన్నాయి. పక్షిని ఎక్కడికి చేర్చాలో అటవీ అధికారులే చెబుతారు. జాలిపడి తోటలో వదిలేయడం కూడా తప్పే. పంజరంలో పెరిగిన చిలుకకు తిండి వెతుక్కోవడం రాదు, కాకి నుంచో గద్ద నుంచో తప్పించుకోవడం రాదు.

విదేశీ చిలుకలు. చిలుకల్లో దాదాపు అన్నీ సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. నాలుగు మాత్రం లేవు: బడ్జీ, కాకటీల్, గులాబీ ముఖం లవ్ బర్డ్, మన రామచిలుక. చివరిదానికి మన చట్టమే అడ్డు. మిగతా మూడింటికి నమోదు గొడవ లేదు. సన్ కొన్యూర్, మకావ్‌లు, కాకటూలు అన్నీ జాబితాలో ఉన్నాయి. ఆఫ్రికన్ గ్రేను 2016లో అత్యంత కఠినమైన మొదటి జాబితాలోకి మార్చారు.

ఇలాంటి పక్షులు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నియమాలు తెచ్చింది. అప్పటికే పక్షులున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చింది. పక్షి చేతులు మారినా, పిల్లల్ని పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. కాబట్టి పక్షిని ఇస్తామన్నవాళ్లను మొదట అడగాల్సింది ‘నమోదు పత్రం ఉందా?’ అని. లేదంటే, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి ముందు రాతపూర్వకంగా తెలిపి, వాళ్ల జవాబు వచ్చాకే పక్షిని తీసుకోండి. కాగితం లేని మకావ్‌ను మొహమాటానికి తీసుకుంటే ఆ బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది.

ఆశ్రయాన్ని వ్యక్తి పేరు మీద నడపకండి. ట్రస్టో సొసైటీయో రిజిస్టర్ చేయించండి. మన రెండు రాష్ట్రాల్లో సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. విరాళాలకు పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలి, ఒక ఆడిటర్‌ను పట్టుకుంటే ఆ పని అయిపోతుంది.

## 3. స్థలం, వలపందిరి

మైసూరులో చిలుకల పెద్ద ఆశ్రయం శుకవనం చూసి వచ్చిన ఉత్సాహంతో చాలామంది పెద్ద వలపందిరి గీసుకుని నా దగ్గరకు వస్తారు. పెద్దదానికంటే ముందు చిన్నవి నాలుగైదు కట్టండి. అన్ని పక్షుల్నీ ఒకే పందిట్లో వదిలితే, ఒకదానికి జబ్బొస్తే అన్నిటికీ వచ్చినట్టే. పెద్ద మకావ్ ఒక్క కొరుకుతో బడ్జీ కాలు తెంపేస్తుంది.

చోటు. పక్కిళ్లకు కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. మకావ్ అరుపు 100 డెసిబెల్స్ దాటుతుంది, మొదటి వారం ముచ్చటపడ్డ పక్కింటివాళ్లే రెండో నెలలో పంచాయతీకి వెళతారు. కోళ్లఫారాలకు దూరంగా ఉండండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అక్కడ పక్షులు పెంచేవాళ్లందరికీ నిద్ర లేదు.

జాలీ. బడ్జీలకు కన్ను అర అంగుళం మించకూడదు. గ్రేలకు ముప్పావు నుంచి అంగుళం సరిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన పొలాల్లో పాములూ ఎలుకలూ ఉంటాయి కాబట్టి నేను బయటి వరసకు అన్నిచోట్లా అర అంగుళమే వేయించాను. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే మంచిది. అంత డబ్బు లేక జీఐ జాలీ (జింకు పూత పూసిన ఇనుప జాలీ) వేస్తే, దాని మీద పొడిపొడిగా అంటుకున్న జింకును పక్షి కొరికి మింగుతుంది, అది విషం. వెనిగర్‌తో గట్టి బ్రష్ పెట్టి రుద్ది, కడిగి, కొన్ని వారాలు ఎండకూ వానకూ వదిలేశాకే పక్షుల్ని పెట్టండి. అప్పటికీ మకావ్‌లకు, కాకటూలకు జీఐ వద్దు.

మిగతావి:

- రెండు తలుపులు, మధ్యలో చిన్న గది. ఒకటి మూశాకే రెండోది తీయాలి
- తలుపుకు గడియ చాలదు, తాళం కావాలి. కాకటూ గడియ తీసేస్తుంది
- వాలుగా సిమెంటు నేల, కడిగిన నీళ్లు బయటికి పోయేలా
- చుట్టూ జాలీని అడుగున్నర లోతు పాతాలి, లేదంటే ఎలుకలు తవ్వుకొస్తాయి
- పందిరి కాళ్లకు చీమలెక్కకుండా నీళ్ల గిన్నెలు
- పైకప్పులో మూడోవంతుకు పూర్తి నీడ, మిగతాది ఎండ తగిలేలా
- కూర్చోవడానికి జామ, వేప, వెదురు కొమ్మలు, లావు సన్నం కలిపి

అన్నీ ఒకే లావున్న గుండ్రటి కర్రలు పెడితే పాదాల్లో పుండ్లు పడతాయి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కొమ్మలు ఆ చుట్టుపక్కలకు కూడా రానివ్వకండి. నూలు తాడుతో ఊయల కడితే దారాలు వేళ్లకు చుట్టుకుంటాయి, కొబ్బరి తాడు నయం.

ఒక ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. గ్రే, కాకటీల్, కాకటూల ఒంటి మీద నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడిని రోజూ పీలిస్తే నీలం పసుపు మకావ్ ఊపిరితిత్తులు పాడైపోతాయి. వాటిని ఒకే గదిలో పెట్టకండి.

## 4. పక్షి వచ్చే రోజు

ఇచ్చేవాళ్ల మీద కోపం చూపించకండి. కోపం చూపిస్తే నిజం చెప్పరు, నిజం చెప్పకపోతే నష్టపోయేది పక్షి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇవి అడిగి రాసుకోండి:

- వయసు, ఎక్కడ కొన్నారు, కాలి రింగు మీద నంబరు
- రోజూ ఏం తింటుంది? ‘అన్నీ తింటుంది’ అంటే ఒప్పుకోకండి, నిన్న పొద్దున ఏం పెట్టారని అడగండి
- టీలో ముంచిన బిస్కెట్, అన్నం, మిక్చర్ లాంటివి అలవాటున్నాయా
- ఇంట్లో వేరే పక్షులున్నాయా, ఈ మధ్య ఏదైనా చనిపోయిందా
- ఎవర్ని కరుస్తుంది, దేనికి భయపడుతుంది, ఎప్పుడు పడుకుంటుంది
- ఏ పేరుతో పిలుస్తారు, ఏ భాషలో మాట్లాడతారు

చివరిది చిన్న విషయంగా తీసిపారేయకండి. హిందీలో పిలిపించుకున్న పక్షి తెలుగు మాటలకు నెలరోజులు ముడుచుకుని కూర్చోవడం నేను చూశాను.

తర్వాత అప్పగింత పత్రం మీద సంతకం. అందులో పక్షి మీద హక్కు వదులుకుంటున్నామనీ, తిరిగి అడగబోమనీ, చెప్పిన వివరాలు నిజమనీ ఉండాలి. పక్షి పాత పంజరం, ఆటవస్తువులు, కప్పే గుడ్డ కూడా అడిగి తీసుకోండి. క్వారంటైన్ రోజుల్లో దానికి తెలిసిన వస్తువులు అవే.

## 5. క్వారంటైన్: ఇక్కడ జాలి పనికిరాదు

కనీసం 45 రోజులు. పక్షి ఎంత హుషారుగా కనిపించినా సరే.

మొదటి ఏడాది ఒక సన్ కొన్యూర్ వచ్చింది. మెరిసే ఈకలు, మంచి ఆకలి. ఒంటరిగా అరుస్తోందని పన్నెండో రోజునే మిగతావాటితో కలిపాను. రెండు నెలలకు నా పాత పక్షుల్లో ఒకదానికి కొత్త ఈకలు వంకరగా, మొదట్లో నొక్కేసినట్టు రావడం మొదలైంది. పరీక్షలో బీక్ అండ్ ఫెదర్ వ్యాధి అని తేలింది. దీనికి మందు లేదు. దాని వైరస్ ఈకల పొడిలో, రెట్టలో, గోడల మీద చాలాకాలం బతుకుతుంది. రెండు పక్షులు పోయాయి. ఆ తప్పు నాది, మీరు చేయకండి.

గది. మిగతా పక్షుల గాలి తగలని వేరే కట్టడం కావాలి. ఒకే వరండాలో ఆ చివర ఈ చివర పెడితే అది క్వారంటైన్ కాదు. గిన్నెలు, చీపురు, చెప్పులు, చొక్కా అన్నీ ఆ గదికి విడిగా ఉండాలి.

వరస. పాత పక్షుల పని అంతా అయ్యాక, చివర్లో ఈ గదికి వెళ్లండి. ఇక్కడి నుంచి మళ్లీ వెనక్కి పాత పక్షుల దగ్గరకు ఆ పూట వెళ్లొద్దు.

పరీక్షలు. పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్‌ను ఆశ్రయం తెరవకముందే వెతికి పెట్టుకోండి. కుక్కలనూ గేదెలనూ చూసే ప్రతి డాక్టరుకూ చిలుకల సంగతి తెలియాలని లేదు. మొదటి వారంలోనే చూపించి, ఈక, రక్తం, రెట్ట నమూనాలతో బీక్ అండ్ ఫెదర్, పాలియోమా అనే ఇంకో వైరస్ జబ్బు, సిటకోసిస్ పరీక్షలు చేయించండి. పురుగుల కోసం రెట్ట పరీక్ష కూడా. బీక్ అండ్ ఫెదర్ ఉందని వచ్చి, లక్షణాలు మాత్రం లేకపోతే, 90 రోజుల తర్వాత మళ్లీ చేయించండి. కొన్ని పక్షులు దాన్నుంచి బయటపడతాయి. అప్పటిదాకా విడిగానే.

మీ ఆరోగ్యం. సిటకోసిస్ మనుషులకూ వస్తుంది. ఎండిన రెట్ట పొడి పీలిస్తే జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, తర్వాత న్యుమోనియా. అందుకే రెట్టను పొడిగా ఊడవకండి, తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి. జ్వరం వస్తే డాక్టర్‌కు ‘నేను చిలుకల దగ్గర పనిచేస్తాను’ అని మీరే చెప్పండి, ఆయనకు ఆ ఊహ రాకపోవచ్చు. పక్షికి ఈ జబ్బు తేలితే డాక్టర్ సలహాతో డాక్సీసైక్లిన్ మామూలుగా 45 రోజులు ఇస్తారు. పది రోజులకే బాగైందని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

## 6. తూకం, తిండి

చిలుక జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని గద్ద ముందు ఎంచుకుంటుంది కాబట్టి, అది దాని స్వభావం. మీ కంటికి జబ్బు కనిపించేసరికి చాలా రోజులు గడిచిపోయి ఉంటాయి. తూకం మాత్రం దాచలేదు.

నా కాకటీల్‌లో ఒకటి రోజూ పొద్దున తనే తక్కెడ మీదికి నడిచొస్తుంది, దిగాక ఒక పొద్దుతిరుగుడు గింజ దొరుకుతుందని దానికి తెలుసు. మామూలుగా 94 గ్రాములు ఉండేది. ఒక సోమవారం 92, బుధవారం 89, శుక్రవారం 86. పాట పాడుతూనే ఉంది, గింజ తీసుకుంటూనే ఉంది. గిన్నె దగ్గర కూర్చుని చూస్తే తెలిసింది: గింజల్ని ఒలిచి పడేస్తోంది, మింగడం లేదు. శనివారం డాక్టర్ దగ్గరకు తీసుకెళితే నోటి వెనక ఇన్ఫెక్షన్. వారంలో కోలుకుంది. తక్కెడ లేకపోతే ఇంకో నాలుగు రోజులకు నేల మీద కనిపించేది.

గ్రాముల్లో చూపించే వంటింటి తక్కెడ చాలు. పొద్దున మొదటి రెట్ట వేశాక, తిండి పెట్టకముందు తూచండి. కొత్త పక్షులను రోజూ, పాతవాటిని వారానికి ఒకసారి. తన మామూలు తూకంలో 10 శాతం తగ్గితే ఆ రోజే డాక్టర్ దగ్గరకు.

గింజల నుంచి మార్చడం. వచ్చే పక్షుల్లో చాలావాటికి గింజలు తప్ప ఏమీ తెలియదు. గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఏ దాదాపు ఉండదు. కాలేయం పాడవుతుంది, ముక్కు అదేపనిగా పెరుగుతుంది, ఈకలు కళ తప్పుతాయి. ముక్కు పెరిగిందని కత్తిరించి ఊరుకోకండి, కాలేయం చూపించండి.

1. మొదటి రెండు వారాలు పాత తిండే పెట్టండి. ఇల్లు మారిన దిగులు చాలు.
2. మూడో వారం నుంచి పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు కూరగాయలు, పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసి అమ్మే గుళికల తిండి). గంటన్నర తర్వాత గింజలు.
3. పక్షి ఎదురుగా మీరే క్యారెట్ ముక్క కొరుకుతూ కూర్చోండి. పక్కవాళ్లు తినేదే తినాలనుకునే జీవి అది.
4. మునగాకు, కొత్తిమీర కట్టను తడిపి జాలీకి వేలాడదీయండి. ముందు స్నానమాడుతుంది, తర్వాత కొరుకుతుంది.
5. రోజూ తూకం. తగ్గుతుంటే వెనక్కి వెళ్లండి. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని పస్తు పెట్టకండి, చచ్చిపోతుంది గానీ తెలియనిది తినదు.

చివరికి గ్రే, కొన్యూర్‌లకు మూడింట రెండొంతులు పెల్లెట్లు, మిగతాది కూరగాయలు, ఆకుకూరలు, కొద్దిగా పండు. గుమ్మడి, క్యారెట్, తోటకూర, మునగాకు, బొప్పాయి, జామ అన్నీ మంచివే. పచ్చిమిర్చి కూడా ఇవ్వొచ్చు, దాని కారం పక్షులకు తెలియదు. బడ్జీలకు, కాకటీల్స్‌కు కొర్రలు, సజ్జలు కొంత ఎక్కువ ఉండొచ్చు. మకావ్‌లకు బాదం, అక్రోటు లాంటి పప్పులు కావాలి. గ్రేలకు కాల్షియం తగ్గితే ఫిట్స్ వస్తాయి, రోజూ కాసేపు నేరుగా ఎండ తగలాలి. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు.

పెట్టకూడనివి: అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసినవి, ఆపిల్ గింజలు, బూజు వాసన వచ్చే వేరుశనగలు. మెత్తటి తిండిని ఎండాకాలం రెండు గంటలకు మించి గిన్నెలో ఉంచకండి.

## 7. రోజు పని వరస

- 6:00 దూరం నుంచే అన్నిటినీ చూడటం. ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నదీ, తోక ఊగేలా ఊపిరి తీసేదీ, నేల మీద ఉన్నదీ ఏదైనా ఉందా?
- 6:15 కింద వేసిన కాగితం తీసేముందు రెట్టలు చూడటం: ఎన్ని, ఏ రంగు
- 6:30 తూకం, నీళ్లు మార్చడం, పొద్దున తిండి
- 8:30 మిగిలిన మెత్తటి తిండి తీసేయడం, గిన్నెలు కడగడం
- 10:00 క్వారంటైన్ గది
- 4:00 స్నానం, ఆట, కొత్త కొమ్మలు
- 6:30 తాళాలు ఒక్కొక్కటీ చేత్తో లాగి చూడటం

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. అన్నీ ఒక పుస్తకంలో రాయండి. పనివాళ్లు మారినా ఆ పుస్తకం ఉంటుంది.

## 8. ఎండ, కరెంటు, పొగ

మే నెలలో 43 డిగ్రీల ఎండ కాసినా పక్షికి చెమట పట్టదు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే ప్రమాదం మొదలైనట్టే. మామూలు నీళ్లు కాళ్ల మీద, రెక్కల కింద చిలకరించండి, ఐసు నీళ్లు వద్దు. షేడ్ నెట్, తడి గోనె పట్టాలు, స్ప్రింక్లర్ ఏప్రిల్ రాకముందే సిద్ధంగా ఉండాలి.

కాకటీల్స్ రాత్రి ఉలిక్కిపడి చీకట్లో జాలీకి కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటాయి. ఇన్వర్టర్‌కు కలిపిన చిన్న బెడ్‌లైటు ఒకటి పెడితే చాలావరకు ఆగుతుంది. దీపావళికి రెండు రాత్రులు అన్నిటినీ లోపలి గదుల్లోకి చేర్చి, ఫ్యాన్ శబ్దం ఉండేలా చూస్తాం.

పొగ సంగతి మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి, మనకు వాసన కూడా తెలియకముందే గదిలో పక్షిని చంపేస్తుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ స్ప్రే, పెయింట్ వాసన అన్నీ వాటి ఊపిరితిత్తులకు చేటే. దోమలకు సన్న జాలీయే మార్గం.

## 9. ఈకలు పీక్కోవడం, అరుపు, కరవడం

కూకట్‌పల్లి నుంచి ఒక గ్రే వచ్చింది. ఇంట్లో పెద్దావిడ పోయారు. ఆ పక్షి సాయంత్రం అయిదింటికి అచ్చం ఆవిడ గొంతుతో “కాఫీ పెట్టనా నాన్నా?” అంటుంది. కొడుకు వినలేక తెచ్చిచ్చారు. వచ్చేనాటికి రొమ్ము మీద ఒక్క ఈక లేదు. దిగులుతో పీక్కుంటోందని వాళ్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. డాక్టర్ ఎక్స్‌రే తీస్తే కడుపులో పాత పంజరం నుంచి కొరికి మింగిన లోహపు ముక్క ఉంది. చికిత్స అయ్యాక ఏడాదికి ఈకలు సగానికి పైగా వచ్చాయి. సాయంత్రం అయిదింటికి ఇప్పటికీ అలాగే అడుగుతుంది. “పెట్టమ్మా” అంటాను నేను.

అందుకే ఈకలు పీక్కునే పక్షికి ముందు వైద్య పరీక్ష. అందులో ఏమీ లేదని తేలాకే విసుగు, ఒంటరితనం, నిద్రలేమి గురించి చూడండి. తిండిని గిన్నెలో కాకుండా కొబ్బరి పీచులో, మొక్కజొన్న పొత్తు ఆకుల్లో, కాగితం పొట్లాల్లో దాచి పెట్టండి. అడవిలో చిలుకకు రోజులో ఎక్కువ సేపు తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది, ఆ పని మీరు తిరిగి ఇవ్వాలి. కొన్నిటికి ఈకలు ఇక రావు, మొదళ్లు దెబ్బతిని ఉంటాయి. అలాగే బతకనివ్వండి, చలికాలం వెచ్చగా చూసుకోండి.

అరిచినప్పుడు పరుగెత్తుకుని వెళ్లకండి, తిట్టకండి, అరిస్తే మనిషి వస్తాడని నేర్చుకుంటుంది. నెమ్మదిగా ఈల వేసినప్పుడో మాట్లాడినప్పుడో వెంటనే వెళ్లండి. కరిచే పక్షి ముందుగానే చెబుతుంది: కనుపాప చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటుంది, మెడ ఈకలు లేస్తాయి. అది చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం ఓడిపోవడం కాదు.

రెక్కలు కత్తిరించి వచ్చిన పక్షికి ఈకలు రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కింది కొమ్మలు, ఎక్కడానికి నిచ్చెనలు, నేల మీద గడ్డి. ఏళ్ల తరబడి ఎగరని పక్షిని ఎత్తయిన పందిట్లో వదిలితే రాయిలా కింద పడుతుంది.

## 10. గుడ్లు వద్దు

ఆశ్రయంలో పుట్టే ప్రతి పిల్ల, రేపు వచ్చే పక్షికి దొరకని చోటు. గూడు పెట్టెలు పెట్టకండి. చీకటి మూలలు, కుండలు కూడా గూళ్లే. కాకటీల్, లవ్ బర్డ్ లాంటి జంటలు గుడ్లు పెడితే, వెంటనే తీసేయకుండా అచ్చం అలాంటి ప్లాస్టిక్ గుడ్లు మార్చి పెట్టండి. తీసేస్తే మళ్లీ మళ్లీ పెట్టి, కాల్షియం కరిగిపోయి, గుడ్డు అడ్డుపడి ఆడపక్షి చనిపోతుంది. కొన్యూర్, గ్రేలలో ఆడా మగా చూసి చెప్పలేం, ఈకతో డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

## 11. దత్తత ఇవ్వాలా

ఇవ్వాలి. లేకపోతే మీ అంకె ఆరు నెలల్లో నిండిపోతుంది. కానీ తీసుకునేవాళ్లు కనీసం నాలుగుసార్లు వచ్చి పక్షితో గడపాలి. వాళ్ల ఇంటికి మీరు ఒకసారి వెళ్లాలి. వంటగది ఎక్కడుంది, ఫ్యాన్లు ఎక్కడున్నాయి, ఇంట్లో అందరికీ ఇష్టమేనా చూడాలి. ఇక కుదరకపోతే పక్షిని మీకే తిరిగి ఇవ్వాలనీ, అమ్మకూడదనీ, పిల్లల్ని పెట్టించకూడదనీ ఒప్పందంలో రాయించుకోండి. నమోదు అవసరమైన జాతి అయితే పోర్టల్‌లో చేతులు మారిన వివరం మార్పించాకే పక్షి బయటికి వెళ్లాలి.

రోజుల తరబడి ఖాళీగా ఉండే ఇళ్లకు, పిల్లల పుట్టినరోజు కానుకగా అడిగేవాళ్లకు నేను ఇవ్వను.

## 12. మీ తర్వాత

కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో వరల్డ్ పారట్ రెఫ్యూజ్ అనే ఆశ్రయం ఉండేది. 2016లో దాని వ్యవస్థాపకురాలు చనిపోయాక అది మూతపడింది. అయిదొందలకు పైగా చిలుకలకు కొత్త చోటు వెతకాల్సి వచ్చింది. ఒకసారి వదిలేయబడ్డ పక్షులు రెండోసారి రోడ్డున పడ్డాయి.

ఇప్పుడే చేయాల్సినవి:

- మీకు ఏదైనా అయితే తాళాలు తీసి, మర్నాడు పొద్దున తిండి పెట్టే ఇద్దరి పేర్లు. వాళ్లకు ముందే చెప్పి, నెలకోసారి పని చేయించి
- ప్రతి పక్షికి ఒక పేజీ: పేరు, రింగు నంబరు, నమోదు పత్రం, తూకం, తిండి, మందులు, భయాలు, ఎలా పలకరిస్తే పలుకుతుందో
- ట్రస్టులో మీ కంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు కనీసం ఇద్దరు
- స్థలం మీ సొంతమైతే, ఆశ్రయం కొనసాగే ఏర్పాటు వీలునామాలో
- ఆశ్రయం నడవని పరిస్థితి వస్తే ఏ పక్షి ఎక్కడికి, అవతలివాళ్ల రాతపూర్వక అంగీకారంతో

నా దగ్గర ఈ కాగితాలన్నీ తిండి గదిలో తలుపు వెనక నీలం ఫైల్లో ఉంటాయి. ఉగాదికి ఒకసారి తీసి, ఆ ఏడాది మారినవి సరిచేసి, మళ్లీ అక్కడే తగిలిస్తాను. మొన్న ఉగాదికి గ్రే పేజీలో ఒక వాక్యం కలిపాను: సాయంత్రం అయిదింటికి కాఫీ పెట్టనా అని అడుగుతుంది, జవాబు చెప్పండి.